నిండు ట్యాంకీ

రేవులో నా మీద తిరిగే కత నా చెవిన ముందు వేసింది మా కోడలు స్వర్ణ. ఎండుచేపలు తిరగేస్తా, నా మొహం చూడకుండా చెప్పింది. "మామా, నీ మాట విని వెన్నెల ఆటలో ఓడిపోయిందంట గదా. జువ్వలదిన్నె రేవంతా నవ్వతాండారు."

నవ్వరా మరి! పుట్టినకాణ్ణుంచి బోటు మీద బతికిన ఈ ముత్యాలయ్యకు డీజిల్ లెక్క తెలీదంట! ఆ టీవీ కట్టెయ్ జడ్సనూ. ఈ ఆటల అంగడి నీదే గదా? నాతో మాట్లాడు.

టీవీలో ఆడే ఆ కార్ల పందెం ముందర నువ్వేం చెప్పినావు? "ఈసారి అంతా నిజం మాదిరే. పెట్రోలు కాలిపోద్ది, నిండా పోస్తే కారు బరువెక్కుద్ది" అనలేదా? పక్కనే నిలబడుండా గదా, నా మనవరాలు వెన్నెల నన్నడిగింది, ఎంత పొయ్యమంటావు తాతా అని. నిండా పొయ్యమన్నా. ఇంకేం చెప్తా? ఐసూ డీజిలూ ఎక్కించి, బోటు నీళ్లల్లోకి దిగబడితేనే మేం తాడు విప్పేది. నడిసముద్రంలో డీజిల్ అయిపోతే ఇంకో బోటోడు తాడు కట్టి లాక్కురావాల. ఒడ్డున ఆడోళ్లు కొంగు నోట్లో కుక్కుకుంటారు. నన్ను ఇంతవరకూ ఎవుడూ లాక్కురాలా.

మా పాప మీద పందెమాడిన ఆ క్రాంతి కుమార్ సగమే పోసినాడు. తేలికబండి, ఉరికింది. ఉరకదా? మా పాప వెనక నిదానంగా పోతాంటే అందరూ ఈలలు. కానీండిరా అనుకున్నా. ఇంకొక చుట్టు ఉందనంగా వాడి తెర మీద పెట్రోలు ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. నాకు చదువు రాదు గానీ, ముల్లు తెలీదా?

అప్పుడు నువ్వు ఆట ఆపినావు. వైరు సరిచేస్తాండా అని ఏందో నొక్కినావు. ఆ తర్వాత ముల్లు కదిల్తే ఒట్టు! వాడు గెలిచినాడు. వెన్నెల తన తెర చూసుకుంటాంది, దానికేం తెలుసు?

ఏందీ? మధ్యలో బండి ఆగితే చూసేవాళ్లకు సరదాగా ఉండదా? ఓహో! సముద్రానికి గూడా అట్టాంటి బటనొకటి పెట్టించు నాయనా. అందరం సరదాగా పోయొస్తాం.

ఈ నవ్వులు విని బోటు ఓనరు గిరిబాబు, నేను చేసే డీజిల్ చూసే పని ఇంకొకడికి ఇచ్చినాడు. ఇచ్చుకోనీ. వాడి గడప నేను తొక్కను.

పొద్దన్నే వెన్నెల బ్యాగు తగిలించుకుంటా, "ఈసారి నిన్నడగన్లే తాతా" అనింది. నవ్వతానే అనింది. నువ్వు బటను నొక్కినావని నేను చెబితే సాకంటది.

పందెంలో గెలిచిన కప్పు ఆ క్రాంతే ఉంచుకోనీ, నాకెందుకు? నువ్వు నొక్కింది నొక్కినట్టు చెప్పు, అంతే. రేవులో తర్వాత చెబుదువుగాని. ముందు మా పాపకు చెప్పు.