జెనరేటరు కింద ఇటుక

వరండాలో జెనరేటరు ముందు ఆయన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

“మళ్లీ కారుతోందా?”

“సీలు మార్చాను, వాషరు మార్చాను. ఇంకా ఆయిల్ కారుతోందంటే ఇది ఇంజను కాదు, జల్లెడ!”

“మా తమ్ముణ్ణి పిలవనా? వాడు రోజూ చేసే పనేగా.”

“బోర్డు మీద మెకానిక్ అని రాయించుకున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోడు.”

“సరే, లోపల ఆయిల్ ఎంతుంది?”

“కొలిచే పుల్ల ముంచి చూస్తే ఎప్పుడూ గీతకి కిందే. అందుకే రోజూ పోస్తున్నాను.”

“కారుతోందని పోస్తున్నారా, పోస్తున్నారని కారుతోందా?”

“నీకు వేరే పని లేదా?”

“ఉంది. నా బేసిను కోసం వచ్చాను. కారేదంతా అందులో పడాలని జెనరేటరుని ఒక పక్క ఇటుక పెట్టి ఎత్తారుగా? ఒరిగిన ఇంజన్లో పుల్ల నిజం చెబుతుందా? పొట్ట పట్టనంత పోస్తే కక్కదూ?”

ఆయన ఇటుక లాగేసి, పుల్ల మళ్లీ ముంచాడు.

“ఇప్పుడెంత చూపిస్తోంది?”

“గీత దాటి... బాగా పైకుంది.”

“ఎక్కువైంది తీసేయండి. అసలు లీకు మీరు మొదటిరోజు కింది బోల్టు బిగించినప్పుడే ఆగిపోయింది. ఇప్పుడు కారేది మీరు ఎక్కువ పోసిందే.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“మా తమ్ముడే. నిన్న ఫోన్లో.”

“నిన్నా? మరి నిన్ననే నాకు చెప్పొచ్చుగా!”

“వాడి మాటని తెలిస్తే మీరు రెండో ఇటుక కూడా పెట్టేవారు.”