ముందు మన పేటలో

ఇంకెన్నాళ్ళు తిడతారు అత్తయ్యా ఆ అంబులెన్స్ డ్రైవర్ని? మామయ్యగారు పోయి నెల కావస్తోంది. పొద్దున లేచింది మొదలు కంప్లైంట్ రాయి, రాయి అని నా ప్రాణం తీస్తున్నారు. రాయను. అతని తప్పేమీ లేదు.

ఆ స్టవ్ తర్వాత తుడుద్దురుగానీ, ఇలా కూర్చోండి.

"బండి బయల్దేరింది" అని ఫోన్లో చెబితే మీరు గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డారు కదా. బయల్దేరలేదు. ఆ మాట చెప్పింది మనిషి కాదు, కంప్యూటర్. డ్రైవర్‌కి అసలు కబురే వెళ్ళలేదు. పాపం, రెండు వీధుల అవతలే టీ తాగుతూ కూర్చున్నాడట.

నాకెలా తెలుసంటే... నేను ఆఫీసులో చేసే పని అదే కదా. ఫోన్ రాగానే దగ్గర్లో ఉన్న బండికి కబురు పంపే కంప్యూటర్ మాదే. ఆ వారం ఏ తేడా వచ్చినా చూసుకోవాల్సిన డ్యూటీ నాదే. డ్యూటీ ఫోన్ కంచం పక్కన పెట్టుకుని తింటుంటే, "మా డాక్టరమ్మకి ఎమర్జెన్సీ కేసు" అని మామయ్యగారు ఏడిపించేవారు, గుర్తుందా?

ఆ రోజు పదకొండింటికి అందులో ఒక కొత్త మార్పు పెట్టాం. ఊరంతటికీ ఒకేసారి పెట్టం. ముందు ఒక్క పేటలో పెట్టి, అరగంట కనిపెట్టుకుని కూర్చుని, బాగుంటేనే మిగతా పేటలకి. తప్పు జరిగినా కొద్దిమందికే తగులుతుందని. మంచి పద్ధతే అత్తయ్యా, ఇప్పటికీ మంచిదే అంటాను.

ఆ పేట ఏదో ఎంచింది నేను. మనది. ఇక్కడ అంబులెన్స్‌కి ఫోన్లు తక్కువ, రోజుకి ఒకటో రెండో. ఏమీ కాదులే అనుకున్నాను.

ఆ మార్పుతో బండ్లకి కబురు వెళ్ళడమే ఆగిపోయింది. స్క్రీన్ మీద ఒక్క బండీ కదల్లేదు. మన పేటలో ఎప్పుడూ అంతేగా, అనుమానం రాలేదు. ఫోన్లు ఎక్కువొచ్చే పేటయితే రెండు నిమిషాల్లో పట్టుకునేదాన్ని. పాతది తిరిగి పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. మీరు రెండోసారి ఫోన్ చేసి అరిస్తే, ఫోన్ ఎత్తిన మనిషి మాకు చెప్పేసరికి ఇరవై ఆరు నిమిషాలైపోయింది.

మొన్న ఆఫీసులో ఆ తేడా మీద రిపోర్టు చదివారు. అందులో ఎవరి పేరూ రాయరు, ఎవర్నీ తప్పుపట్టరు. "నష్టం: ఒక్క కాల్" అని ఉంది. ఒక్క పేటతో ఆగిపోయిందని మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు. మామయ్యగారు గుండెపోటుతో పోయారని వాళ్ళకి తెలుసు. రెండూ కలిపి చూసినవాళ్ళు లేరు. నేను వాళ్ళకి చెప్పలేదు. మీ అబ్బాయికీ చెప్పలేదు.

ఉండండి, లేవకండి. ఇంకొకటుంది.

ఆ ఇరవై ఆరు నిమిషాల్లో మీరు నాకూ చేశారు కదా, మూడుసార్లు. ఫోన్ బ్యాగులో ఉండిపోయింది, వినపడలేదని చెప్పాను. అబద్ధం అత్తయ్యా. చేతిలోనే ఉంది. మీ పేరు చూశాను. స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకూడదని, మూడుసార్లూ నేనే కట్ చేశాను.