మీటర్ల పెట్టెలో గొంతు

గవర్నర్‌పేటలో ఒకప్పటి ఆఫీసు, ఇప్పటి ఫ్లాట్లు. మూడో అంతస్తు మెట్ల దగ్గర, మధ్యాహ్నం రెండింటికి.

"ఆ వేలు తియ్యకండి. అట్లాగే ఉండండి. రోజూ థాంక్యూ అనేది ఇదేనా?"

"ఇదేనమ్మా. హాజరు మిషను. వేలు పెడితే థాంక్యూ అంటుంది."

"ఈ ఇంట్లో దిగిన రెండు నెలల్నుంచీ నా ప్రాణాలు తోడేస్తోందండీ ఇది. పొద్దున తొమ్మిదిన్నరకి, ఇదిగో ఈ వేళకి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి. గోడలోంచి ఆడగొంతు. నాకా ఏడో నెల, ఇంట్లో ఒక్కదాన్నే."

"ఆఫీసుని ఇళ్ళు చేసినవాళ్ళు దీన్ని పీకడం మర్చిపోయారమ్మా. మీటర్ల పెట్టెలో ఉండిపోయింది. కరెంటు వస్తూనే ఉంది."

"మిషను సంగతి సరే. మీరెవరు?"

"లక్ష్మీకాంత్ అంటారు. పద్నాలుగేళ్ళు ఇక్కడే చేశాను. మీ వంటగది ఉన్నచోటే నా సీటు."

"ఆఫీసు మూసేసి రెండేళ్ళయిందన్నారే."

"అయింది."

"మరి?"

"మరి అంటే..."

"అదే, మరి రోజూ ఎందుకొస్తున్నారు?"

"ఇంట్లో చెప్పలేదమ్మా."

"ఏం చెప్పలేదు?"

"ఉద్యోగం పోయిందని. మా ఆవిడ పొద్దున్నే లేచి క్యారేజీ కడుతుంది. పట్టుకుని బయల్దేరతాను. పీఎఫ్ డబ్బే జీతమని చేతిలో పెడుతున్నా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే... గోడలు పగలగొట్టినన్నాళ్ళూ కూలీల మధ్యే కూర్చున్నానమ్మా."

"ఇంకెక్కడికన్నా పోవచ్చు కదండీ."

"ఇక్కడైతే వేలు పెడితే నా పేరు పడుతుంది."

"నేను దెయ్యమనుకున్నా. పాస్టరుగారిని పిలిపించి ప్రార్థన పెట్టించాను. ఖాళీ చేసేద్దాం, లేదంటే మా అమ్మ దగ్గరికి పోతానంటే మా ఆయన వినరు. ఏదో పాత వైరులే శాలినీ, అంటారు. ప్రార్థనలో మాత్రం నాకంటే ఆయనే ఎక్కువ ఏడ్చారు."

"ఏడ్చారా?"

"వెక్కివెక్కి. నా గురించే బెంగనుకున్నా. సర్లెండి. మీ మొహం చూస్తే తిట్టబుద్ధి కావట్లేదు. రండి, నాలుగు ముద్దలు తిందురుగాని. గోంగూర రొయ్యలు చేశా. మా ఆయనకిష్టమని పొద్దున్నే క్యారేజీలో పెట్టి మంగళగిరి ఆఫీసుకి పంపించా."

"వద్దమ్మా."

"మొహమాటం దేనికండీ?"

"మొహమాటం కాదు. తిన్నాను."

"ఏం తిన్నారేంటి?"

"క్యారేజీలోదేనమ్మా."

"బాబాయిగారూ, ఏం తిన్నారు?"

"గోంగూర రొయ్యలే. చెప్పొద్దని ఒట్టేయించుకున్నారమ్మా. కానీ మీరు భయపడి వెళ్ళిపోతానంటుంటే... పైన టెర్రస్ మీద, నీళ్ళ ట్యాంకు నీడన, రెండు నెలల్నుంచీ మీవారూ నేనూ కలిసే తింటున్నాం."