చీమ కుంటిదని కనిపెట్టిన చెవి

"జడ్జీ కుర్చీ సంగతి తర్వాత చూద్దాం, ముందు నా చెవి సంగతి వినండి. పోటీ రేపే కాబట్టి చెప్పాల్సి వస్తోంది గానీ, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదని మీకు తెలుసు కదా."

టీకొట్టు బాబాయి దగ్గాడు. యాంప్లిఫయర్లు రిపేరు చేసే మావయ్య అదేం పట్టించుకోలేదు. ఆయన చూపంతా ఎదుటి బెంచీ మీదున్న రికార్డుల షాపాయన మీదే ఉంది. గిటారు పోటీకి జడ్జీ ఎవరో తేల్చేది అతనే. పక్కనే ఉన్న అతని షాపులోంచి ఏదో పాత రాక్ గిటారు హోరెత్తుతోంది.

"మొదట్లో నేనూ అందరిలాంటివాణ్ణే. రికార్డు పెడితే వాయించింది ఎవరో చెప్పేవాణ్ణి, అంతే. పోనుపోను ఏ గిటారో, ఏ యాంప్లిఫయరో, ఏ బటన్ ఎంత తిప్పాడో కూడా తెలిసిపోయేది. ఒకసారి విని, వీడు నిలబడి వాయించలేదు, స్టూలు మీద కూర్చున్నాడు, ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి అన్నాను. కనుక్కుంటే నిజమే."

"ఎవర్నడిగి కనుక్కున్నావేంటి?" అన్నాడు సెలూన్ అన్నయ్య.

"నువ్వు మధ్యలో అడ్డు రాకు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, సముద్రాలు దాటి, సాక్షాత్తూ ఆ గిటారిస్టుకే చేరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోన్ చేశాడు. గురువుగారూ, ఆ రికార్డులో పలికిన టోను మళ్ళీ నాకే పలకడం లేదు, ఏదో ఒకటి చెయ్యండి అని ఒకటే ఏడుపు. ఏదీ వాయించు అన్నాను. రెండు తీగలు మీటాడో లేదో, ఆపు నాయనా, నీ యాంప్లిఫయర్లో చీమ దూరింది అన్నాను."

"చీమా?"

"చీమే. అదీ కుంటిది. అయిదు కాళ్ళు సరిగ్గా వేస్తోంది, ఆరోది ఈడుస్తోంది, నాకు స్పష్టంగా వినబడుతోంది. విప్పి చూస్తే ఉంది. చీమ బయటికి పోయింది, టోను తిరిగొచ్చింది. పనిలో పనిగా ఇంకోటి కూడా చెప్పాను, నీ రికార్డు అచ్చేసిన ఫ్యాక్టరీలో మోటారు వెంట్రుకవాసి నెమ్మదిగా తిరుగుతోందని. పాపం వాళ్ళు మోటారే మార్చుకున్నారు. ఏం చేయను, రికార్డు వేగం రవ్వంత తప్పినా నా చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు."

రికార్డుల షాపాయన మెల్లగా అడిగాడు. "అయితే మావయ్యా, ఇందాకట్నుంచీ నా షాపులో మోగుతున్నది ఎవరు?"

మావయ్య కళ్ళు మూసుకుని తల పంకించాడు. "ఇంకెవరు, ఆ చీమ గిటారిస్టే. గుక్క తిప్పుకోని ఆ వేగం భూమ్మీద మరొకడికి రాదు. వయసులో ఉన్నప్పుడు, రక్తం ఉడుకు మీద వాయించాడు. వింటుంటే ఒళ్ళు పులకరించిపోతోంది. ఇక కుర్చీ ఎవరిదో నువ్వే చెప్పు."

అతను గ్లాసు కిందపెట్టి షాపులోకి వెళ్ళాడు. లోపల ఏదో మీట టక్కుమంది. హోరెత్తుతున్న గిటారు ఒక్కసారిగా చతికిలబడి, జోలపాటలా సాగింది.

"ఇందాకటిదాకా పెద్ద రికార్డుని చిన్న రికార్డులు తిరిగే ఎక్కువ వేగంలో పెట్టాను మావయ్యా," అన్నాడు గుమ్మంలోంచి. "ఎవరి చెవిలోనైనా ముల్లు గుచ్చుకుంటుందేమోనని చూస్తున్నాను."

టీకొట్టు బాబాయి ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ అన్నాడు.

"ఆ కుర్చీలో చీమని కూర్చోబెట్టు అబ్బాయ్. కుంటిదైతేనేం, ఆ గిటారు విన్నది అదొక్కటే."