ఆకలి గీత

పెద్ద వరద వచ్చిపోయిన ఆరో ఏడు. చేపల ఆఫీసులో తలలు చీల్చి, వయసు లెక్కకి చెవుల్లోని చిన్న రాళ్ళు తీయడం నా పని. ఏట్లో పడవ నడిపే మా తమ్ముడు వారానికో బుట్ట లెక్కకి తెచ్చేవాడు. ఆ మధ్యాహ్నం కోత బల్ల దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"ఆ చిన్నవి పక్కన పెట్టావేం అన్నా?"

"చూస్తున్నా."

"చూసేదేముంది? రాయి తీయి, కవర్లో వెయ్యి. రాతిమీది గీతలు ఆఫీసరమ్మ భూతద్దంలో లెక్కేసుకుంటుంది."

"ఏడాదికో గీత."

"అబ్బో, మూడో తరగతి పండితుడు! నాకే పాఠం!"

"రెండు కోసి రాళ్ళు చూశా. వీటికి గీత లేదు."

"పిల్లలు కదా మరి."

"ఇంత చేపకి రెండుండాలి. మేత దొరకని నెలల్లో పడే గీత. ఇవి ఆకలి ఎరగవురా."

"అంటే?"

"నువ్వే చెప్పు."

"ఏం చెప్పను? ఏట్లో పడ్డవే తెచ్చా."

"ఏట్లోవా?"

"ఏట్లోవే! ఏట్లోవే అంటుంటే..."

"రోజూ మేత వేసి పెంచే గుంటలోవి. పెద్దవే మన ఏటివి. అన్నిటికీ ఆరు గీతలు. వరద ఏడు పుట్టినవే ఆఖరు. తర్వాతవి మీ సన్నకన్ను వలలు ఊడ్చేశాయి."

"మెల్లగా! లోపల అమ్మగారుంది."

"ఉండనీ."

"పిల్లలు లేవని తెలిస్తే రెండేళ్ళు వేట ఆపేస్తారన్నా. ఇంట్లో నలుగురం. వాటి ఆకలి రాళ్ళమీద చూస్తావు, మాది ఎక్కడ చూస్తావు? నీకేం, నెల తిరిగితే జీతం."

"ఆపితే మిగిలినవైనా గుడ్లు పెడతాయి."

"నీ తోడబుట్టింది నేనా, అవా?"

"నువ్వేరా. అందుకే ముందు నిన్నడిగా."

"అయితే విను. పోయినేడూ ఇలాంటివే తెచ్చా. ఏటినిండా పిల్లలున్నాయని అమ్మగారు రాసేసింది. ఎవడికి తెలిసింది?"

"నాకు."

"ఏంటీ?"

"పోయినేడే తెలుసు. తెలిసే కవర్లో వేశా."

"మరింకేం! ఎంత భయపెట్టావు! ఈ ఏడూ వేసెయ్."

"పోయినేడు బుట్టకి యాభై పెద్దవి. ఇవాళ పదకొండు."

"అయితే?"

"అప్పుడే చెప్పుంటే ఈపాటికి ఏట్లో పిల్లలుండేవి."

"ఇప్పుడు చెప్తే నీ ఉద్యోగమూ ఊడుతుంది. నాతోపాటు నువ్వూ దొంగవేనన్నా."

"అవును. ముందు అదే చెప్తా."

మర్నాడు పొద్దున్నే గీతల్లేని రాళ్ళ కవర్లు, నిరుటివీ ఈసారివీ, విడిగా తీసి ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టాను. పక్కన నా కోత కత్తీ పెట్టి అప్పగించాను.