చిలక తలకాయ జింక

"అడవి చూడ్డానికి బస్సెందుకయ్యా తిరుపతిరావూ! కూర్చో. ఈ అరుగు మీంచి కదలకుండా నేను చూపిస్తా."

అంకమ్మరావు ఈ మాట అనేసరికి పక్కింటి భానుచందర్ ఫోన్ జేబులో పడేసి స్తంభానికి ఆనుకున్నాడు. శనివారం సాయంత్రం, వన్ టౌన్‌లో బట్టల కొట్లు ఒక్కొక్కటే షట్టర్లు దించుతున్నాయి. తిరుపతిరావు మాత్రం నిలబడే ఉన్నాడు. రేపు పొద్దున్నే కొట్లవాళ్ళందరి కార్తీక వనభోజనాలు. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవికి ఆయనే బస్సు మాట్లాడాడు. అక్కడ ఉప్పు నేలలో ఉసిరి చెట్టు ఉండదని, పూజకి పెద్ద ఉసిరికొమ్మ ఒకటి తడిగుడ్డ చుట్టి సిద్ధంగా పెట్టాడు. ఇక అంకమ్మరావు దంపతులు వస్తారో రారో తేలితే సీట్లు సర్దుకుంటాడు.

గడప పక్కన అంకమ్మరావు భార్య చౌడేశ్వరమ్మ కూర్చుని చేటలోకి కరివేపాకు దూస్తోంది. ప్రతి ఏడూ వనభోజనాల పులిహోర ఆవిడ వంటింట్లోంచే వెళ్తుంది. గుండిగ బస్సెక్కి వెళ్తుంది, సాయంత్రానికి ఖాళీగా తిరిగొస్తుంది. ఆవిడ మాత్రం ఏ ఏడూ వెళ్ళలేదు. ఈసారి మడ అడవి అన్నప్పట్నుంచీ ఆవిడకి మనసంతా అక్కడే ఉంది.

"నీళ్ళలో చెట్లు నిలబడి ఉంటాయంట తమ్ముడూ. నాకూ చూడాలనే ఉంది. ఆయనొస్తే వస్తాను," అంది తిరుపతిరావుతో.

"నేనెందుకు రావడం? నేను చూడని అడవా!" అన్నాడు అంకమ్మరావు. "నువ్వూ ఆ బస్సులో నలగడం దేనికి? చెప్తా విను. విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు మాట్లాడు. తిరుపతిరావూ, కూర్చోవయ్యా, నిలబడ్డవాడికి నేను చెప్పను."

తిరుపతిరావు కూర్చున్నాడు. అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద విషయమేం కాదు. అప్పట్లో ఇబ్రహీంపట్నంలో ఒక పార్టీకి సరుకు చూపించడానికి వెళ్ళానా, పార్టీ ఊళ్ళో లేడు. ఊరికే ఉండటం ఎందుకని కొండపల్లి కొండెక్కా. ఎక్కితే ఒక జింక కనపడింది. అంతే. ఒకటంటే ఒకటే జింక. ఇందులో కోతేమన్నా ఉందా? లేదుగా! అయితే అది మిగతా జింకల్లాగా బెదిరి పారిపోలా. ముందుకాళ్ళు రెండూ పైకెత్తి పరిగెడుతూనే మెడ వెనక్కి తిప్పి నన్ను చూస్తోంది. రమ్మంటోందన్నమాట. సరే పదమన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"దాని వెనక ఇంకో జింక. అదే ఎత్తు, అదే రంగు, అదీ మెడ వెనక్కే. దాని వెనక మళ్ళీ ఇంకోటి. ఎంత దూరం చూస్తే అంత దూరం జింకలే, ఒకదానికి ఒకటి అంతే ఎడం, బెత్తెడు అటూ ఇటూ అయితే ఒట్టు."

"జింకలు అంత లైనుగా నడుస్తాయా బావగారూ?"

"జూలో జింకలు నడవ్వు. వాటికి తిండి పెట్టి పాడుచేశారు. నడవాల్సిన చోట నడుస్తాయి. ఎవరు చూసొచ్చారు, నువ్వా నేనా? ఆఁ! మరి వినాలి. ఆ జింకల మధ్యలోంచి ఒక తీగ పోతోందయ్యా. నల్లటి కాడ, ఎర్రటి ఆకులు, ఆవపువ్వు రంగు పూలు. పచ్చని ఆకు ఒక్కటి లేదు. గాలి లేకపోయినా అది మెల్లగా ఊగుతుంటుంది, మనం ఊపిరి పీలిస్తే అటు, వదిలితే ఇటు. ఆ తీగ పట్టుకున్నా. పట్టుకుని నడిచానా, కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో నాకు తెలీలా. దాహం లేదు, ఆకలి లేదు, కొట్టు గుర్తు లేదు. కొండపల్లిలో పట్టుకున్న తీగని ఎక్కడ వదిలానో తెలుసా? కొల్లేట్లో!"

"మధ్యలో హైవే ఉంది కదా బావగారూ," అన్నాడు తిరుపతిరావు.

"తీగకి హైవే అడ్డేమిటయ్యా! కింద నుంచి పోయింది. కొల్లేరు అంటే మీరు చూసిన చేపల చెరువుల కొల్లేరు కాదు. నీళ్ళు కదలవు. అద్దం కూడా కాస్త కదులుతుంది, ఆ నీళ్ళు కదలవు. నిండా తామరలు. ఒక్కో పువ్వు మంచమంత ఉంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య హంసలు, జతలు జతలుగా ఎదురెదురుగా మొహాలు పెట్టుకుని, ముక్కున తామరకాడ పట్టుకుని నిలబడ్డాయి. ఆ జతల్లో ఏ ఒక్కటీ కూడా వేరే దాని వంక చూడదు. తన జత వంకే చూస్తుంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయంటే నమ్ము."

"కొల్లేట్లో హంసలేంటండీ, గూడకొంగలు గానీ."

"గూడకొంగలు నీబోటి టూరిస్టుల కోసం. హంసలు మనిషిని చూసి వస్తాయి. ఆగు మరి, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. నేనొక తామరాకు మీద కూర్చున్నా. హంసలు ఆ కాడలు లాగాయి. లాగితే ఆకు కదిలింది. కదిలి, కాలవలోకి వచ్చి, కాలవలోంచి కృష్ణలోకి వచ్చి, బ్యారేజీ దాటి..."

"బ్యారేజీ ఎలా దాటారు బాబాయ్? గేట్లెత్తారా?"

"నన్ను చూసి వాళ్ళే ఎత్తారు. మధ్యలో అడ్డం రాకురా భానూ, ఊపు పోతుంది. ఎదురునీట్లో, చప్పుడు లేకుండా, వెన్నెట్లో, సరాసరి నల్లమలలోకి..."

చౌడేశ్వరమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "కాఫీ తెస్తాను తమ్ముడూ," అని లోపలికి వెళ్ళింది.

"నల్లమలలోకి..." అన్నాడు అంకమ్మరావు. "నల్లమలంటే మరి... నల్లమలే. పెద్ద అడవి. చెట్లూ అవీ ఉంటాయి." మెడ గోక్కున్నాడు. "భానూ, నీ బండి ఏదో ట్రబుల్ ఇస్తోందన్నావు, బాగైందా?"

"బండి సంగతి ఇప్పుడేంటి బాబాయ్? నల్లమలలో ఏమైంది?"

"చెప్తాలేరా, తొందరేముంది? కాఫీ రానీ."

కాఫీ వచ్చింది. గ్లాసులిచ్చి చౌడేశ్వరమ్మ మళ్ళీ గడప పక్కన కూర్చుని చేట ఒళ్ళోకి తీసుకుంది. అంకమ్మరావు మొహం వెలిగింది.

"ఏనుగులు! నల్లమలలో ఏనుగులయ్యా తిరుపతిరావూ!"

"నల్లమలలో ఏనుగులు లేవండీ!"

"నేను వెళ్ళినప్పుడున్నాయి. వాటి వీపుల మీద పూల దుప్పట్లు ఉన్నాయి. ఎవరు కప్పారంటే నేనేం చెప్పను, అడవిలో అడగడానికి ఎవరుంటారు? చిలకలు మాత్రం లెక్కలేదు. ప్రతి రెమ్మకీ ఒక చిలక. ఆ ఏనుగుల వెనకాలే వెళ్ళానా, అడవి నట్టనడుమ ఒక మడుగు. గోధుమరంగు మడుగు. ఒక పక్క మొన తేలి ఉంటుంది, ఇంకో పక్క వెడల్పుగా ఉంటుంది, పడవని బోర్లించినట్టు. దాని ఒడ్డున ఒక ఆకు మొలవదు, ఒక పువ్వు పూయదు. నీళ్ళు వాసన చూశా. కాస్త మాడిన వాసన వేసింది."

చౌడేశ్వరమ్మ తలెత్తి మొగుడి వంక చూసింది. మళ్ళీ కరివేపాకులోకి దించుకుంది.

"ఇప్పుడు చెప్పేది మీరు నమ్మరు. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ మడుగు దగ్గర ఒక జింక ఉంది. ఒళ్ళు జింకదే, కాళ్ళు జింకవే, తోక జింకదే. తల ఉండాల్సిన చోట చిలక!"

"చిలకా!"

"చిలక. ఎర్ర ముక్కూ అదీ. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. సైంటిస్టులకి తెలిస్తే విమానాలేసుకుని దిగిపోతారని నేను ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. అది నన్ను చూసింది. చిలక తలకాయ కదా, దానికి మాటలొచ్చు. ఏమందో తెలుసా? 'అంకమ్మరావూ, రోజూ చూస్తావు. ఒక్కనాడైనా పలకరించవేం?' అంది. నాకు మాట రాలేదయ్యా. అడవంతా నిశ్శబ్దం. అన్ని చిలకలూ, అన్ని జింకలూ, ఏనుగులూ, అందరూ నేనేం చెబుతానా అని చూస్తున్నారు. పలకరించాలనే ఉంది. గొంతు పెగలందే!"

చౌడేశ్వరమ్మ చేతిలో రెబ్బ అలాగే ఉండిపోయింది. పక్క వీధిలో ఆటో హారన్ మోగి ఆగిపోయింది.

"మరి మడ అడవి బావగారూ?" అన్నాడు తిరుపతిరావు మెల్లగా. సీట్ల లెక్క ఆయనా మర్చిపోయాడు. "మేం రేపు వెళ్ళేది అక్కడికే."

"వస్తున్నా, వస్తున్నా. ఆ జింకే నన్ను వీపు మీద ఎక్కించుకుని సముద్రం దగ్గర దింపింది. మీరనుకునే మడ అడవిలో చెట్లు చాలా ఉంటాయి. నేను చూసిన చోట ఒక్కటే చెట్టు. ఒక్క చెట్టే అడవి! మొదలు చూస్తే మన అరుగంత. ఒక కొమ్మకి మామిడికాయలు, ఒక కొమ్మకి దానిమ్మపళ్ళు, ఇంకో కొమ్మకి తామరపూలు. నెమళ్ళు రెండు, అటొకటి ఇటొకటి. ఆ చెట్టు కింద నిలబడితే పుట్టినప్పట్నుంచీ పడ్డ అలసట తీరిపోతుంది. ఎండ ఎప్పుడూ సాయంత్రప్పూట ఎండే. దాని అవతల సముద్రం, అల వెనక అల, ఒకే కొలత, తరగదు."

"అక్కడ బావురుపిల్లులు ఉంటాయంటారే, నీళ్ళలో చేపలు పడతాయంట. చూశారా?"

అంకమ్మరావు అటూ ఇటూ చూశాడు. "లేవు."

"అదేంటండీ, ఆ అడవికి పేరొచ్చిందే వాటివల్ల!"

"లేవంటే లేవయ్యా! నేను చూసిన దాంట్లో పిల్లి లేదు. లేనిది ఉందని చెప్పే రకం కాదు నేను." కాస్త కోపం వచ్చింది ఆయనకి. "పిల్లులు కావాలంటే మీ గోడౌన్‌లో చూసుకో. నేను చెప్పేది ఆ చెట్టు సంగతి. చిట్టచివరి కొమ్మ, అన్నిటికన్నా పైది, దాని చివర ఏముందో చెబితే మీరు ఈ రాత్రి నిద్రపోరు. ఆ కొమ్మ చివర..."

కృష్ణ మీంచి చల్లగాలి ఒక్క విసురు విసిరింది. చౌడేశ్వరమ్మ పైట భుజాల చుట్టూ నిండా కప్పుకుంది.

"ఆ కొమ్మ చివర..." అన్నాడు అంకమ్మరావు.

"ఏముంది బాబాయ్?"

"కొమ్మ చివర అంటే... పైన... అదేంటంటే..."

"చెప్పండి బావగారూ!"

"పొగమంచు కమ్మేసిందయ్యా," అన్నాడు చివరికి. "ఏం కనపళ్ళేదు."

"పొగమంచు కాదండీ," అంది చౌడేశ్వరమ్మ. "చలేసి పైట కప్పుకున్నాను. తియ్యమంటారా?"

భానుచందర్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. చౌడేశ్వరమ్మ లేచి, లైటు కింద నిలబడి, పైటచెంగు రెండు చేతులా విప్పి పట్టుకుంది. పాత పెడన కలంకారీ చీర. చెంగు మీద ఒక్కటే చెట్టు, దానికి మామిడీ దానిమ్మా తామరా, అటొక నెమలి ఇటొక నెమలి. అంచు పొడుగునా అలలూ, హంసల జతలూ. ఒంటి మీదంతా నల్లకాడ తీగ, ఎర్రాకులు, మెడ వెనక్కి తిప్పిన జింకలు.

"చూడు భానూ, ఆ కొమ్మ చివర ఏం లేదు. చిన్న మొగ్గ ఉంది, అంతే," అందావిడ. తర్వాత మోకాలి దగ్గర కుచ్చెళ్ళు కాస్త పక్కకి తీసింది. "ఇదిగో మీ బాబాయి మడుగు. నా చీర నేను ఇస్త్రీ చేసుకుంటానంటే వినకుండా, తనే చేస్తానని పెట్టె దీని మీద పెట్టి, ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నారు. ఇక్కడ ఆకెలా మొలుస్తుంది?"

"మరి చిలక తలకాయ జింక?" తిరుపతిరావు నవ్వాపుకోలేకపోతున్నాడు.

"జింక అచ్చు మీద చిలక అచ్చు పడింది తమ్ముడూ. ఆ ఒక్క తప్పుకి ఎవరూ కొనకపోతే, కొట్లోంచి తెచ్చి నా మొహాన కొట్టారు. పెళ్ళిరోజని చెప్పి మరీ!"

భానుచందర్ స్తంభం పట్టుకుని వంగిపోయి నవ్వాడు. అంకమ్మరావు ఖాళీ కాఫీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"కొండపల్లి ఎక్కారంట!" అంది చౌడేశ్వరమ్మ. ఇన్నేళ్ళూ దాచింది ఇక ఆగలేదు. "ఈయన బెంజ్ సర్కిల్ దాటితే కడుపులో తిప్పే మనిషి. మా చెల్లెలి పెళ్ళికి బందరు వెళ్తూ, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూడా, ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీ వాసన తగలగానే బస్సు దిగి వెనక్కొచ్చేశారు. అడవంటే ఇష్టం లేక కాదు తమ్ముడూ, నలుగురి ముందూ బస్సులో వాంతి అవుతుందని భయం. ఆ మాట చెప్పుకోలేక ఇంత అడవి చెప్పారు."

"మీ పిన్నికి అన్నీ తెలుసు," అన్నాడు అంకమ్మరావు భానుతో, గ్లాసులోంచి తలెత్తకుండా.

"తెలియంది ఒకటుంది." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఈ చీర మీద ఎన్ని నెమళ్ళున్నాయో, ఏది ఎటు తిరిగిందో కట్టుకునే దాన్ని నాకే తెలీదు. మీరు ఇన్నాళ్ళూ ఇంత పట్టి చూస్తున్నారని ఇవాళే తెలిసింది. ఆ జింక అడిగిన మాటే నాదీ. పలకరిస్తే సొమ్మేం పోయిందండీ?"

అంకమ్మరావు ఏదో అనబోయాడు. గొంతు పెగల్లేదు.

చౌడేశ్వరమ్మ పైట భుజాన వేసుకుని, చేట చేతిలోకి తీసుకుని, తిరుపతిరావు వైపు తిరిగింది.

"తమ్ముడూ, నాకొక సీటు ఉంచు. పులిహోర గుండిగతోపాటు నేనూ వస్తాను. ఇదే చీర కట్టుకుని వస్తాను." గడప దాటుతూ మొగుడితో అంది: "వింటున్నారా? మీ జింకలు, మీ హంసలు, మీ ఏనుగులు, అన్నీ రేపు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోతున్నాయి. ఇంట్లో కూర్చుని ఏ గోడ చూసి ఎవరికి చెబుతారో చెప్పుకోండి."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఎర్రాకుల తీగ నడవలో చీకట్లోకి ఊగుతూ పోయి కనపడకుండా అయింది. అంకమ్మరావు చాలాసేపు అటే చూశాడు. భానుచందర్ నవ్వు ఆపేశాడు. తిరుపతిరావు వెళ్దామా అన్నట్టు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"చౌడేశ్వరీ," అని పిలిచాడు అంకమ్మరావు.

"ఏంటండీ?"

"ఇంట్లో నిమ్మకాయలున్నాయటే?"