ఫలితం వచ్చేలోగా నాలుగు మాటలు

సభాధ్యక్షులు డైరెక్టర్ గారికి, నాకు పాఠాలు చెప్పి ఇవాళ నన్ను సాగనంపడానికి ఓపిక చేసుకుని వచ్చిన పెద్దలకు, రక్తపరీక్షల ల్యాబులో నాతో పాటు నిలబడి కాళ్ళు వాచిపోయిన మిత్రులకు, ముందు వరసలో కూర్చుని "తొందరగా ముగించు" అని కళ్ళతోనే ఆజ్ఞాపిస్తున్న నా శ్రీమతికి నమస్కారాలు. (నవ్వులు)

వక్తలందరూ నన్ను స్థిమితమైన మనిషన్నారు. అన్నవాళ్ళు దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను, ఇప్పుడు మీతో మాట్లాడుతూ కూడా ఆ పక్క తలుపు మీదే ఓ కన్నేసి ఉంచాను, ఎందుకంటే నా తర్వాత ల్యాబు బాధ్యత తీసుకుంటున్న డాక్టరమ్మ, నా శిష్యురాలే కాబట్టి చనువుగా అలా అంటున్నాను, ఇంకా సభకు రాలేదు. మా అమ్మాయికి చేస్తున్న జన్యుపరీక్ష ఫలితం కోసం ఆవిడ పై అంతస్తులో మిషను ముందు కూర్చుంది.

సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మన రక్తంలో గడ్డకట్టించే ప్రోటీన్లు కొన్ని, వాటికి కళ్ళెం వేసేవి కొన్ని ఉంటాయి. ఆ కళ్ళేన్ని తయారుచేసే జన్యువులో చిన్న తేడా అమ్మ నుంచో నాన్న నుంచో వస్తే పట్టు సడలుతుంది. కట్టకూడని చోట గడ్డ కట్టి, అది మెదడుకు పోయే దారి మూసేస్తే పక్షవాతం. అందరికీ అలా జరగదు, చాలామంది ఆ తేడాతోనే నిండు నూరేళ్ళూ హాయిగా బతికేస్తారు. మా ఆవిడకు మాత్రం అమ్మాయి పుట్టిన కొత్తలోనే వచ్చింది. నన్ను పిలవబోయింది, మాట రాలేదు. ఆ తేడా ఒక్కటే కారణమా అంటే ఇవాళ్టికీ ప్రమాణం చేసి చెప్పలేను. తర్వాత మాట వచ్చింది లెండి, దాని బాధితుణ్ణి నేనే. (నవ్వులు) కుడిచెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తల్లి కాబోతోంది. అదిగో, వెనక వరసలో. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయిన కొత్తలోనూ రక్తం మామూలు కంటే సులువుగా గడ్డకడుతుంది. వాళ్ళమ్మ తేడా దీనికీ వచ్చిందేమో ముందే తెలిస్తే మందులివ్వొచ్చు, కనిపెట్టుకుని ఉండొచ్చు. కిందటి వారం ఆత్రం పట్టలేక ఆ కళ్ళెం ప్రోటీను ఎంతుందో కొలిపించాను. తక్కువ వచ్చింది. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేశాను. డాక్టరమ్మ పక్కకు పిలిచి, "సార్, కడుపుతో ఉన్నవాళ్ళలో అది ఎలాగూ తగ్గుతుంది, దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదని మాకు చెప్పింది మీరే కదా" అంది. నేనే చెప్పాను. ఏటేటా చెప్పాను. అది తప్పు రాసినవాళ్ళను ఫెయిల్ కూడా చేశాను, వాళ్ళలో కొందరు ఇప్పుడు మరీ గట్టిగా నవ్వుతున్నారు. (నవ్వులు) అందుకే ఇవాళ నేరుగా జన్యువునే చదువుతున్నారు.

ఇంకో చిక్కుంది. ఫలితం ఎవరిదైతే వాళ్ళకే ముందు చెప్పాలి, కన్నతండ్రి అడిగినా పెదవి విప్పకూడదని ఈ ల్యాబులో నియమం పెట్టిందీ నేనే. నిన్న డాక్టరమ్మను బతిమాలాను, ఒక్క ముక్క నా చెవిన వెయ్యమ్మా అని. "రిటైరయ్యేది మీరు సార్, నియమం కాదు" అంది.

(తలుపు చప్పుడు)

క్షమించాలి, తలుపు తెరుచుకుంది. చూశారా, వేదిక వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా వెనక వరసకే పోతోంది! అంత బాగా నేర్పాను, నా కర్మ. డైరెక్టర్ గారూ, ఆ మంచినీళ్ళు ఇలా ఇస్తారా.

ఏమిటమ్మా? వినపడలేదు, గట్టిగా చెప్పు.

"నాకూ ఉంది నాన్నా! మీరు ముందు ప్రసంగం పూర్తి చెయ్యండి!"

(మంచినీళ్ళు తాగి)

ఉందట. ఇంతమందిలో పైకి చెప్పేసింది, ఆ ధైర్యం కూడా వాళ్ళమ్మదే. నాకు భయంగా ఉంది. ఉద్యోగమంతా ఈ విషయం మీదే మాట్లాడినవాణ్ణి, ఎంతమందికో ధైర్యం చెప్పినవాణ్ణి, ఇప్పుడు నాకు నేను చెప్పుకుందామంటే ఒక్క మాట తట్టడం లేదు. మా ఆవిడ లేచి దాని దగ్గరకు వెళుతోంది. తనకు ముందే చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. అమ్మాయికి తెలిసింది, కాన్పుకు ఇంకా వ్యవధి ఉంది.

ఇన్నాళ్ళు నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ గారూ, రేపటి నుంచి నేను మీ పేషెంటు తండ్రిని. మిగతా తండ్రుల పక్కన నాకూ ఒక కుర్చీ చూపించండి, మీరు పిలిచేదాకా లోపలికి రాను. సెలవు.